తోట ప్లగ్గులు, రోడ్డు ప్లగ్గులు

మా మేస్త్రీ పోయారన్న కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. చాట్రాయి వైపు వెళ్ళే మొదటి బస్సు మా ఇంటి ముందు ఎప్పుడూ ఆగదు. ఆ రోజు ఆగింది. కండక్టరు దిగి అరుగు దగ్గరికి వచ్చి, "పెద్దమ్మగారూ, మేస్త్రీ తెల్లారుజామున పోయాడండీ. మధ్యాహ్నం తీసుకెళ్తారంట. మీకు చెప్పమన్నారు" అని, ఇంకో మాట లేకుండా వెళ్ళి బస్సెక్కాడు. మామిడి పూత రాలి పిందె కడుతున్న రోజులు.

పక్క వాటాలోంచి మా మరిది ఆ మాట విన్నాడు. "మన పాత డ్రైవరు పోయాడటా వదినా?" అన్నాడు.

"డ్రైవరు కాదు" అన్నాను. తర్వాత ఆలోచిస్తే, "మన" అన్నదీ తప్పే. ఒక్క వాక్యంలో రెండు తప్పులు. అవి దిద్దడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పేస్తాను. బతికి ఉండగా ఆయన్ని నేను "నువ్వు" అనేదాన్ని. ఆయన నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆయన తోటల్లో కాయలు కోసే కుటుంబంలో పుట్టారు, నేను కోయించే కుటుంబంలో మెట్టాను. మా ఇద్దరికీ అంతకు మించి తేడా లేదు. ఇప్పుడు "ఆయన", "పోయారు" అని రాస్తుంటే మా వాళ్ళలో కొందరికి ఒళ్ళు మండుతుందని తెలుసు. వాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేసి కాఫీ తాగవచ్చు.

జమీలు రద్దయ్యాక దివాణాల్లోని సామాను ఒక్కొక్కటిగా వీధిలోకి వచ్చింది. అద్దాల బీరువాలు ఒకరు కొన్నారు. వేట తుపాకులు ఒకరు కొన్నారు. మా మరిది కారు కొన్నాడు. అవసరమై కాదు. అవతలి ఊరి రైతు అమెరికా కారు కొన్నాడని. ఇది ఇంగ్లీషు కారు. రెండే సీట్లు, మనిషి పడుకుంటే సరిపోయేంత ముక్కు, ఆ ముక్కులో ఆరు సిలిండర్ల ఇంజను. దానికి తోడు సూపర్‌ఛార్జరు. మామూలు ఇంజను తనకు కావలసిన గాలి తానే పీల్చుకుంటుంది. దీనికి గాలిని బలవంతంగా లోపలికి కుక్కడానికి వేరే యంత్రం ఉంది. మేస్త్రీ దాన్ని "తిత్తి" అనేవారు, కమ్మరి కొలిమి దగ్గరి తిత్తిలాగే. "తిత్తి కొడితే బొగ్గు ఎర్రబడుద్దా లేదాండీ? ఇదీ అంతే" అనేవారు. సూపర్‌ఛార్జరు గురించి ఆ తర్వాత నేను ఇంగ్లీషులో చదివిన పది పేజీల్లోనూ ఇంతకంటే ఎక్కువేమీ లేదు.

కారుతో పాటే మేస్త్రీ కూడా వచ్చారు. దివాణం మోటారు షెడ్డులో ఇరవై ఏళ్ళు దాన్ని కనిపెట్టుకుని ఉన్నది ఆయనే. కారుతో పాటు మనిషిని కూడా కొన్నానని మా మరిది అనుకున్నాడు. కారు ఇల్లు మారింది గనక దాని వెంట తానూ వచ్చానని మేస్త్రీ అనుకున్నారు. తర్వాత జరిగిన గొడవంతా ఈ రెండు అనుకోవడాల మధ్యే ఉంది.

ఇంజనులో చేతులు ఉన్నప్పుడు ఎవరొచ్చినా ఆయన లేచి నిలబడేవారు కాదు. తహసీల్దారు వచ్చినా అంతే. విప్పిన ప్లగ్గుల్ని ఒకదానితో ఒకటి కలవనిచ్చేవారు కాదు. ఆరు చిల్లులున్న చెక్క ఒకటి ఉండేది, ఏ సిలిండరుది ఆ చిల్లులోనే. మామిడి కాలం వస్తే ఆ షెడ్డులో ఇంకో చట్టం అమలయ్యేది. రసం తిన్న చేత్తో ఎవరూ ప్లగ్గు ముట్టుకోకూడదు. పింగాణీ మీద జిడ్డు అంటితే మెరుపు దాని మీదుగా పక్కదారి పడుతుందట. ఆ రోజుల్లో మా ఊళ్ళో మోచేతి దాకా రసం కారని మనిషి ఉండడు. యజమాని అయిన మా మరిదినే, "చేతులు కడుక్కు రండి, సబ్బుతో" అని రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి వాసన కూడా చూశారు.

నేను బందరులో ఫిఫ్త్ ఫారం దాకా చదివినదాన్ని. ఆ చదువు మా అత్తవారింట్లో చాలాకాలం ఎవరికీ పనికిరాలేదు. మొదట పనికొచ్చింది మేస్త్రీకే. ఆయనకు ఇంగ్లీషు అంకెలూ అక్షరాలూ తెలుసు, వాక్యాలు రావు. ఒకరోజు పెరటి గుమ్మం దగ్గరికి ప్లగ్గుల కంపెనీ వాళ్ళ చిన్న పుస్తకం తెచ్చి, "ఇది చదివి పెట్టండి పెద్దమ్మగారూ. తెలుగులో కాదు, ముందు ఇంగ్లీషులోనే చదవండి. చప్పుడు వినాలి" అన్నారు. ఇంజను విన్నట్టే విన్నారు. తర్వాత అర్థం అడిగారు. నెల తిరిగేసరికి ఆ పుస్తకం ఆయనకు నోటికి వచ్చేసింది, నాకు ఇంజను కొద్దిగా వచ్చింది.

ప్లగ్గంటే తెలియని పాఠకుల కోసం ఒక మాట. ప్రతి సిలిండరు నెత్తినా బొటనవేలంత ప్లగ్గు ఒకటి బిగించి ఉంటుంది. లోపలి పెట్రోలుకు చిన్న మెరుపుతో నిప్పంటించేది అదే. దాని చివర పింగాణీ ముక్కు ఉంటుంది. ఆ ముక్కు పొడుగైతే వేడి దిగడానికి దారి దూరం, అందుకని కొస ఎప్పుడూ వేడిగా ఉంటుంది. అది వేడి ప్లగ్గు. ముక్కు పొట్టిదైతే వేడి గబగబా దిగిపోతుంది. అది చల్ల ప్లగ్గు. తిత్తి ఉన్న ఇంజను లోపల మామూలు కంటే ఎంతో ఎక్కువ వేడి పుడుతుంది గనక దానికి చల్ల ప్లగ్గే కావాలి. లేకపోతే ప్లగ్గు కొస నిప్పుకణికలా కాగి, మెరుపు రాకముందే పెట్రోలు అంటుకుని, కింద ఉన్న పిస్టను నెత్తికి చిల్లు పడుతుంది.

ఇది మా మరిది బుర్రకు ఎక్కలేదు. అంత బలమైన ఇంజనుకు బలమైన వేడి ప్లగ్గు ఉండాలి గాని చల్లది ఏంటి, అది పాత డొక్కు బండ్లకు పెట్టుకునేది కదా అన్నాడు. "ఎండలో తిరిగేవాడికి గొడుగిస్తామా, కుంపటిస్తామా అండీ?" అని మేస్త్రీ తల ఎత్తకుండానే అడిగారు. మా మరిది నవ్వాడు. అర్థమై నవ్వాడనే అనుకున్నాను.

కారులో ఉన్న ప్లగ్గులు అరిగిపోయాయి. పరదేశపు సరుకు దొరకడం గగనమైన రోజులు. మద్రాసులో ఒక దుకాణానికి నేను ఇంగ్లీషులో ఉత్తరం రాశాను, మేస్త్రీ చెప్తుంటే. వాళ్ళు మేము అడిగినవి కాకుండా వేడి ప్లగ్గులు పంపి, ఈ సంగతులు మీ డ్రైవరుకు తెలియకపోవచ్చునని ఒక చీటీ పెట్టారు. చదివి వినిపించాను. మేస్త్రీ, "ఆ 'డ్రైవరు' అన్న మాట ఎక్కడుందో చూపించండి" అన్నారు. చూపించాను. "కొట్టేయండి. కొట్టేసి ఆ చీటీ వాళ్ళకే పంపండి, ప్లగ్గులతో పాటు." సిరా పెట్టి కొట్టేసి పంపాను. నా చదువుకు అంతటి ఉపయోగం మళ్ళీ కలగలేదు. నెల రోజుల తర్వాత మూడు రకాల ప్లగ్గులు వచ్చాయి, రకానికి ఆరు. చీటీ లేదు.

ఆ మూడింట్లో ఏది సరైనదో పుస్తకం చెప్పదు, ఇంజనే చెప్పాలి. దానికొక పద్ధతి ఉంది. కారును రోడ్డు మీద రెండు మైళ్ళు పూర్తి వేగంతో కొట్టి, అదే వేగంలో ఒక్కసారిగా ఇంజను ఆపేసి, మెల్లగా తిరగనివ్వకుండా, ఆగినచోటే ప్లగ్గులు విప్పి రంగు చూడాలి. పక్కన కూర్చుని రాసుకోవడానికి అక్షరం వచ్చిన మనిషి కావాలి. మా మరిదికి ఆ వేగమంటే భయం. అది తాను చెప్పుకోడు, నేను చెప్తున్నాను. అప్పటికి మావారు పోయి నాలుగేళ్ళు. వెధవరాలు రెండు సీట్ల కారెక్కి మేస్త్రీ పక్కన కూర్చోవడమేంటని వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. నెత్తిన కొంగు కప్పుకుని, దాన్ని పళ్ళ మధ్య బిగించి పట్టుకుని, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని వెళ్ళాను. దారిలో రెండు ఎడ్లబండ్లూ ఒక బస్సూ వెనక్కి పోయాయి. నా నోటి కంటే వేగంగా వెళ్ళేది ఒకటుందని జీవితంలో మొదటిసారి అనిపించింది.

మొదటి రకం విప్పితే పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా, పొక్కులు పొక్కులుగా ఉంది. "ఇంకో మైలు పోతే మనం నడిచి వెళ్ళేవాళ్ళం" అన్నారు. మూడో రకం మూకుడు అడుగులా నల్లగా, జిడ్డుగా ఉంది, మరీ చల్లది. నడిమి రకం గోధుమరంగు, కాస్త ఎరుపు.

"ఇది ఏం రంగని రాస్తారు?" అని అడిగారు.

ఇంగ్లీషులో మాట తట్టలేదు. "ధనియాలు దోరగా వేగిన రంగు" అన్నాను.

ఆయన ప్లగ్గును ఎండకెత్తి చాలాసేపు చూశారు. "అదే. పచ్చిగా ఉండకూడదు, మాడకూడదు. ఇరవై ఏళ్ళ నుంచీ దీనికి పేరు లేదండీ నా దగ్గర" అన్నారు.

అప్పటి నుంచి ఆయన నోట అది ధనియాల రంగే. ఆ ప్లగ్గుల కొసన మెరుపు దూకే సందు కూడా ఆయనే కుదిర్చారు. కొలిచే రేకు ఎప్పుడో పోయింది. గడ్డం గీసుకునే బ్లేడు ముక్కలు నాలుగు కలిపి, ఆ మందం దూరితే చాలనేవారు. తిత్తి అంత గట్టిగా ఊదుతుంటే మెరుపు ఎక్కువ దూరం దూకలేదు గనక సందు చిన్నగా ఉండాలట.

రోడ్డు సంగతి కుదిరింది గాని, మా మరిది కారు ఎక్కువగా నడిపేది రోడ్డు మీద కాదు. కాపు చూడటానికి వచ్చిన మామిడి వ్యాపారుల్ని పక్కన కూర్చోబెట్టుకుని, చెట్ల మధ్య ఎద్దు నడకతో ఊరేగించేవాడు. ఆ నడకకు చల్ల ప్లగ్గులు మసి పట్టి, ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయేది. నాటకం మధ్యలో హీరో కింద పడ్డట్టు ఉండేది మా మరిదికి. అందుకని మేస్త్రీ రెండు జతలు పెట్టారు. తోటలో తిరిగేటప్పుడు వేడి ప్లగ్గులు, అవి తోట ప్లగ్గులు. రోడ్డెక్కేటప్పుడు చల్లవి, అవి రోడ్డు ప్లగ్గులు. తోట దారి రోడ్డులో కలిసే చోట ఒక తూము ఉంది. అక్కడ కారు ఆపి, ఇంజను చల్లారనిచ్చి, ఆరూ మార్చాకే రోడ్డెక్కాలి. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ మార్పు. కోత కూలీలు గట్టు మీద నిలబడి, "కారుగారు చెప్పులు మార్చుకుంటన్నారు" అని నవ్వేవాళ్ళు. మేస్త్రీ కూడా నవ్వేవారు. మార్చడం మాత్రం మానలేదు.

ఆ రోజు చిన్నరసాలు కోతకొచ్చాయి. దూరం నుంచి వచ్చిన పెద్ద వ్యాపారి తోటంతా చూసి బేరం ఒప్పుకున్నాడు. బెజవాడలో మద్రాసు మెయిలు అందుకోవాలన్నాడు. మా మరిది తన కారులో దింపుతానన్నాడు. పచ్చడి కాయలు ఏరించడానికి నేనూ తోటకు వెళ్ళాను. తూము దగ్గర మేస్త్రీ ప్లగ్గుల డబ్బాతో నిలబడి ఉన్నారు. పావుగంట పడుతుందన్నారు. వ్యాపారి గడియారం చూశాడు. మా మరిది వ్యాపారిని చూశాడు. కూలీలంతా నన్ను చూశారు. ఇలాంటి సందర్భాల్లో నేను ఏదో ఒకటి అంటానని ఊళ్ళో అందరికీ తెలుసు.

నోరు జారిందని చెప్పను. గురి చూసే అన్నాను. "ప్లగ్గులు రేపైనా మారతాయి, మెయిలు రేపటి దాకా ఆగదు. ఇంజను నీది కాదు కదా మేస్త్రీ, పోనీ."

అందరూ నవ్వారు. ఏం జరుగుతుందో తెలియని వాళ్ళు నవ్వారంటే సరే. ఆ పుస్తకం ఆయనకు చదివి వినిపించినదాన్ని నేను. పిస్టనుకు చిల్లు పడటమంటే ఏంటో తెలిసినదాన్ని. బాగా కుదిరిన మాటను వదులుకోలేక అన్నాను.

మేస్త్రీ డబ్బా మూత పెట్టారు. "నాది కాదండీ" అన్నారు. "జంక్షను దాకా పోదు."

పోలేదు. వ్యాపారి గడియారం మా మరిదికి వేగమంటే ఉన్న భయాన్ని కూడా మరిపించిందట. హనుమాన్ జంక్షనుకు రెండు మైళ్ళ ఇవతల తుపాకీ పేలినట్టు పేలి ఆగింది. నాలుగో సిలిండరు పిస్టనుకు అర్ధణా బిళ్ళంత చిల్లు. వ్యాపారి లారీ ఎక్కి బెజవాడ వెళ్ళాడు. ఆ రోజు మెయిలు రెండు గంటలు ఆలస్యమట. ఈ ముక్క తర్వాత విని నేను ఒంటరిగా నవ్వుకున్నాను, అది మంచి నవ్వు కాదు.

బెజవాడ నుంచి వచ్చిన మెకానిక్కు ఇంజను విప్పి, ప్లగ్గులు చూసి, ఇవి ఈ కారుకు పెట్టాల్సినవి కావన్నాడు. అది నిజమే. వాటిని బిగించింది మేస్త్రీ చెయ్యే. అదీ నిజమే. ఈ రెండు నిజాలనూ పట్టుకుని మా మరిది నూజివీడు బస్టాండు హోటల్లో కూర్చుని, తప్పు ప్లగ్గులు పెట్టి మేస్త్రీ ఇంజను కాల్చేశాడని పదిమందిలో చెప్పాడు. తూము దగ్గరి మాట మాత్రం చెప్పలేదు. మర్నాటికల్లా మేస్త్రీకి "ఇంజను కాల్చిన చెయ్యి" అని పేరొచ్చింది. ఆయన చేతికి తప్ప ఇవ్వని లారీ ఒకటి రిపేరుకు బెజవాడ వెళ్ళింది. తోటల్లో నీళ్ళు తోడే ఆయిలింజన్లకు వేరే మనిషిని పిలిచారు, ప్లగ్గే లేని ఇంజన్లకు కూడా. బస్టాండు దగ్గర సొంత షెడ్డు వేసుకుందామని ఆయన చూసుకున్న స్థలం ఆసామి, ఆలోచించి చెప్తానన్నాడు.

రెండు వారాలు నేను నోరు విప్పలేదు. వ్యాపారి వెళ్ళిపోయాడు, కూలీల మాట ఎవరూ అడగరు. చెప్పాల్సింది నేనొక్కదాన్నే. మరిది పంచన ఉన్నదాన్ని, ఇంటి పరువు, ఇలా చాలా కారణాలు దొరికాయి. మనిషికి కావలసినప్పుడు కారణాలు రసాల కంటే బాగా కాస్తాయి.

పదిహేనో రోజు పొద్దున, తోటల కౌళ్ళ గురించి మాట్లాడటానికి చుట్టుపక్కల రైతులు పదిమంది మా అరుగు మీద ఉన్నారు. మేస్త్రీ రెండు చేటలు పట్టుకుని వచ్చారు. మెట్ల కింద నిలబడలేదు. అరుగెక్కి, రెండు చేటలూ అందరి మధ్యా పెట్టారు. ఒక దానిలో ఆరు ప్లగ్గులు తెల్లగా మాడి ఉన్నాయి. నాలుగోదాని కొస మైనంలా కరిగి, దాని మీద వెండి పొడిలా పిస్టను తునకలు. రెండో దానిలో ఆరూ ధనియాల రంగులో.

"ఏంట్రా ఇది?" అన్నాడు మా మరిది.

"ఇవి తోట ప్లగ్గులండీ, కారులోంచి తీసినవి. ఇవి రోడ్డు ప్లగ్గులు, నా డబ్బాలోవి. ఇంత సమంగా రంగు తిరగాలంటే ఇవి రోడ్డు మీద వందల మైళ్ళు తిరిగుండాలి. అన్నాళ్ళూ మార్చినోడిని ఆ ఒక్కరోజూ ఎందుకు మార్చలేదో అడగండి."

లారీ ఉన్న పెద్దరైతు వంగి రెండు చేటలూ చూశాడు. "ఎందుకు మార్చలేదు మరి?"

మేస్త్రీ మా మరిదిని చూడలేదు. గుమ్మంలో ఉన్న నన్ను చూశారు. "ఇంజను నాది కాదన్నారు పెద్దమ్మగారు. నిజమేనండీ. పేరు మాత్రం నాదే. దాన్నెవరు కాల్చారో తేలాలి."

బతిమాలడానికి వచ్చిన మనిషి గొంతు కాదది. నేను బయటికి వచ్చాను. "వదినా, మీరు లోపలికెళ్ళండి, మగవాళ్ళం మాట్లాడుకుంటున్నాం" అన్నాడు మా మరిది.

"రెండు వారాలుగా మగవాళ్ళే మాట్లాడారు. అందుకే ఇన్ని అబద్ధాలు పోగయ్యాయి" అన్నాను. తర్వాత తూము దగ్గర ఎవరు ఆగమన్నారో, ఎవరు గడియారం చూశారో, నేనేం అన్నానో, నా మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఆ మాట రెండోసారి అంత బాగా లేదు. ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ పుస్తకం అందిస్తే, అందులో వేడి ప్లగ్గు గురించి ఉన్న పేజీ ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను. పెద్దరైతు చేటలోంచి రోడ్డు ప్లగ్గు ఒకటి తీయబోయాడు. మేస్త్రీ ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, "రసం తిన్నారాండీ?" అని అడిగారు. తిన్నాడట. కడుక్కుని వచ్చి చూశాడు. ఆ సాయంత్రమే ఆయన లారీ మేస్త్రీ ఇంటి ముందుంది.

అందరూ వెళ్ళాక నేను ఏదో అనబోయాను. "మీరు చెప్పకపోయినా ప్లగ్గు చెప్పేదండీ, కాస్త ఆలస్యంగా. మీరు చెప్పడం మీకే మంచిది" అని చేటలు తీసుకుని వెళ్ళిపోయారు. నాకు కృతజ్ఞత చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఇన్నేళ్ళు ఆయన్ని ఇంతగా తలచుకునేదాన్ని కాదు.

మా మరిది రెండేళ్ళు నాతో మాట్లాడలేదు, వంట వేరు చేశాడు. అప్పటి నుంచి మా వాటాలో కాఫీ బాగుంటోంది. మేస్త్రీ బస్టాండు పక్కన షెడ్డు వేశారు. కారు బాగు చేసి పెట్టమని మా మరిది మూడుసార్లు మనుషుల్ని పంపాడు. మూడుసార్లూ ఒకటే జవాబు. "హోటల్లో అన్న మాట హోటల్లోనే వెనక్కి తీసుకోమనండి. ఆ మర్నాడే వచ్చి చేస్తాను." పిస్టను కూడా ఎక్కడో సంపాదించి, నూనె గుడ్డలో చుట్టి సిద్ధంగా పెట్టుకున్నారు. ఆ కారు ఆయన ప్రాణం. దాని పక్కగా బస్సులో వెళ్తూ కూడా కిటికీలోంచి తొంగి చూసేవారట. అయినా ముట్టుకోలేదు. కారు మా కొట్టంలో ఉంది, సీట్ల మీద కోళ్ళు పొదుగుతున్నాయి. ఆ హోటలుకు మా మరిది ఈనాటికీ వెళ్ళలేదు.

అందుకని నేను ఇక్కడ, అచ్చులో చెప్తున్నాను. బస్టాండు హోటలు కంటే ఇది పెద్ద చోటు. ఇంజను కాల్చింది మేస్త్రీ కాదు. ఒకరి తొందర, ఒకరి నోరు. రెండోది నాది. ఇది చదివి మా ఇంట్లో వంట ఇంకోసారి వేరు పడితే పడనివ్వండి.

మేస్త్రీ పోయిన రోజు మధ్యాహ్నం మా వాళ్ళెవరూ వెళ్ళక్కర్లేదని పక్క వాటాలో తీర్మానమైంది. నేను బస్సెక్కి నూజివీడు వెళ్ళాను. బస్టాండు దగ్గర దిగేసరికి రోడ్డుకు రెండు వైపులా లారీలు, బస్సులు, రెండు ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. ఇంజన్లన్నీ ఆపేసి ఉన్నాయి. ప్రతి బండికీ బానెట్టు పైకెత్తి ఉంది. డప్పులు ఇంకా దూరంగా ఉన్నాయి. నాతో పాటు దిగిన పొరుగూరి ఆయనొకడు, ఏలూరు బస్సు పట్టుకోవాల్సిన వాడు, కంగారుగా కండక్టరును అడిగాడు. "ఏంటయ్యా, అన్నీ ఒక్కసారే చెడిపోయాయా?"

"ఏం చెడలేదండీ" అన్నాడు కండక్టరు. "మేస్త్రీ వస్తన్నాడు. ఒకసారి చూసి పోతాడని."

పాడె ఆ తెరిచిన బానెట్ల మధ్య నుంచి మెల్లగా సాగింది. అది చివరి లారీ దాటేదాకా ఎవరూ మూత దించలేదు.